మార్తమ్మ బండి అమ్మిన ఆదివారం

పోయిన నెల పాండిచ్చేరిలో నా పాత విద్యార్థిని ఒకమ్మాయి పట్టుబట్టి నన్ను భోజనానికి తీసుకెళ్ళింది. సముద్రానికి దగ్గర్లో పాత ఫ్రెంచి ఇల్లు ఒకటి కొని హోటలు చేశారు. గేటు దాటగానే ముంగిట్లో ఒక పాత పికప్పు బండి నిలబెట్టి ఉంది. ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది. వెనక తొట్టిలో మట్టి పోసి పూలమొక్కలు వేశారు. జనం దాని బంపరు మీద కాలు పెట్టి ఫొటోలు దిగుతున్నారు. నేను ఊరికే ఒక చూపు చూసి లోపలికి పోయేదాన్నే. కానీ తొట్టి అంచుకి తాళ్ళు కట్టుకునే ఇనుప రింగులు నాలుగున్నాయి, వాటిలో వెనక ఎడమవైపుది మిగతా మూడింటికంటే పెద్దది, మొరటుది. అది బండి రింగు కాదు. పడవ కట్టేసే తాడుకి వేసే రింగు. అసలుది ఊడిపోతే మా అమ్మ యానాం పక్కనున్న అడవిపొలం ఊళ్ళో కమ్మరి దగ్గర నిలబడి మరీ వేయించుకుంది. పక్కన ఇత్తడి బోర్డు మీద ఇంగ్లీషులో రాసి ఉంది. యానాంలో ఒక ఫ్రెంచి అధికారి వేటకు వాడుకున్న అరుదైన బండి అట. ఆయన వెళ్ళిపోయాక ఏళ్ళ తరబడి ఒక పాకలో మరుగున పడి ఉంటే వీళ్ళు వెలికితీసి ప్రాణం పోశారట.

నాకు ఒళ్ళు మండిపోయింది. మరుగున పడిందట. ఏళ్ళ తరబడి తెల్లవారుజామున యానాం రేవు నుంచి కాకినాడ బజారుకి చేపల గంపలు మోసిన బండి అది. కాన్పు కష్టమైన ఆడవాళ్ళనీ, పాము కరిచినవాళ్ళనీ అడిగిందే తడవుగా ఆసుపత్రికి చేర్చిన బండి. ఆ దొర దానిలో ఎన్నిసార్లు వేటకెళ్ళాడో, ఏ పిట్టని కొట్టాడో నాకు తెలియదు గానీ, దానికి ప్రాణం పోసింది ఎవరో నాకు బాగా తెలుసు. "ఇది మా అమ్మ బండి" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. "మేడమ్, మీరు భలే జోకులేస్తారండీ" అంది. ఆమెదీ తప్పు కాదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, చేపల గంపలు వెనకేసుకుని బండి తోలిన మనిషి ఒకతె ఉంటుందని ఎవరికి తోస్తుంది. అన్నం సయించలేదు. ఇంటికొచ్చాక రెండు రోజులు ఆ బోర్డు రాసినవాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను. మూడో రోజుకి నా మీదికే వచ్చింది కోపం. వాడికైతే ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాసి లేదు. నేను తెలిసి తెలిసి నోరు మూసుకున్నదాన్ని.

మా ఇల్లు యానాం ఫరంపేటలో. రెండు గదుల పెంకుటిల్లు, వెనక వంట వసారా, పక్కన తాటాకు పాక. ఆ పాక బండిది. ఇంటి మీద పెంకులు జారితే రేపు చూద్దాంలే అనే మా తాత, పాక మీద మాత్రం ఏటా కొత్త ఆకు కప్పించేవాడు. తాత పేరు యాకోబు. ఫ్రెంచివాళ్ళ కాలంలో ఒక దొర దగ్గర డ్రైవరుగా చేశాడు. ఊరు వదిలిపోయేటప్పుడు ఆ దొర పెట్టెలన్నీ పడవెక్కించుకున్నాడు గానీ బండి పడవెక్కలేదు. తాళంచెవి తాత చేతిలో పెట్టి, ఇది నీదని ఒక కాయితం రాసిచ్చి పోయాడు. అప్పటినుంచి తాత ఉదయాన్నే ముఖం కడుక్కుని, ఖాకీ టోపీ పెట్టుకుని, పాకలోకి వెళ్ళి బండి ముక్కు మీద చెయ్యి వేసి "బోంజూరు" అనేవాడు. ఆ తరవాతే కాఫీ. కాఫీలో రొట్టె ముంచుకు తినడం దొరల దగ్గర అబ్బిన అలవాటు, చచ్చేదాకా మానలేదు. దాన్ని ఎవరైనా లారీ అంటే ఆయనకి కోపం. ఫ్రెంచివాళ్ళలా కామ్యోనెట్టు అనాలి. ఊళ్ళో ఎవరికీ ఆ మాట నోరు తిరిగేది కాదు, అందరూ మార్తమ్మ బండి అనేవాళ్ళు. మార్తమ్మ మా అమ్మ.

నాకు ఊహ తెలియకముందే నాన్న పోతే, అమ్మ నన్ను చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది. అప్పటికే తాత కళ్ళకి పొరలు కమ్ముతున్నాయి. ముందు కొడుకునే పిలిచాడు బండి తోలమని. మా దేవదానం మావయ్య, అమ్మకి అన్న, అప్పటికే ఒక ఆఫీసులో గుమాస్తా. కాపురం ఊళ్ళోనే, అగ్రహారం వీధిలో. తెల్లచొక్కాకి గ్రీజు అంటుతుందని రానన్నాడు. అప్పుడు తాత అమ్మకి నేర్పాడు. ఆ బండికి గేరు కర్ర కింద ఉండదు, ఎదురుగా ఉన్న పలకలోంచి గొడుగు పిడిలా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అమ్మ వారం రోజుల్లో దాన్ని లొంగదీసింది. లైసెన్సు కోసం వెళితే అక్కడాయన ఫొటో చూసి, "తోలేది ఎవరమ్మా, మీ ఆయనా?" అని అడిగాడట. "ఫొటోలో సీర కనపడతల్లేదా బాబూ" అందట అమ్మ. ఈ కథ తాత ఇంటికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు, చెప్పిన ప్రతిసారీ అమ్మ లోపలికి పోయేది.

కోడి కూయకముందే అమ్మ లేచేది. జడ ముడేసుకుని, చీర కాస్త పైకి దోపుకుని, తలవంచి ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుని, ఇనుప కడ్డీ బండి ముందు రంధ్రంలో దూర్చి తిప్పేది. చలికాలంలో ఐదారుసార్లు తిప్పితేగాని కదిలేది కాదు. ఆ చప్పుడుకి వీధిలో పసిపిల్లలు లేచి ఏడిచేవారు, వాళ్ళ తల్లులు అమ్మని తిట్టేవారు, మళ్ళీ వాళ్ళే పొయ్యి ముట్టించుకోవడానికి ఆ చప్పుడునే గుర్తుగా పెట్టుకునేవారు. రేవు దగ్గర కాంతమ్మ, ఇంకో ఆరేడుగురు ఆడవాళ్ళు గంపలతో కాసుకుని ఉండేవాళ్ళు. గంపలో ఒక వరస చేపలు, ఒక వరస ఐసు, పైన ఊక, ఆ పైన తడి గోనె. అన్నీ ఎక్కించి తాడు బిగించాక వాళ్ళు గంపల మధ్యే కూర్చునేవాళ్ళు. యానాం పొలిమేర దాటగానే చెక్‌పోస్టులో సారా సీసాల కోసం గంపలు తడిమేవాళ్ళు. అమ్మ కిటికీలోంచి తల తిప్పకుండానే, "ముల్లు గుచ్చుకుంటాది బాబూ, నెమ్మది" అనేది.

దానికి స్టీరింగు ఎడమవైపు. మన రోడ్డు మీద ఎడమ పక్కన పోతూ ముందున్న ఎడ్లబండినో లారీనో దాటాలంటే తోలేవాళ్ళకి ఎదురు కనబడదు. కుడివైపు కూర్చున్న మనిషి తల బయటపెట్టి చూసి చెప్పాలి. బడి లేని రోజుల్లో ఆ పని నాది. తాళ్ళరేవు దాటాక రోడ్డు ఇరుకు. "ఏటే, ఏదన్నా వత్తందా?" అని అమ్మ అడిగేది. "బస్సొత్తంది, ఆగు" అనేదాన్ని, లేకపోతే "ఏం లేదు, పోనియ్". నేను పోనియ్ అంటే అమ్మ ఇంకో ఆలోచన లేకుండా తిప్పేసేది. ఒక్కసారి కూడా మళ్ళీ అడగలేదు. వెనకనుంచి కాంతమ్మ రేకు మీద కొట్టి, "ఒసే రూతూ, సరిగ్గా సూడవే, నా కొడుక్కింకా పెళ్ళవలేదు" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. పదేళ్ళ పిల్లకి ఎవరిస్తారండీ అంత నమ్మకం. ఈ రోజుల్లో పిల్లల చేతికి పాలగ్లాసు ఇవ్వడానికే పది జాగ్రత్తలు చెబుతున్నారు.

మధ్యాహ్నం తిరిగొచ్చాక బండి కడగడం ఒక పెద్ద కార్యక్రమం. బావి దగ్గర నుంచి ఇరవై బిందెలు. బూడిద, నిమ్మతొక్కలు వేసి తొట్టి తోమేది అమ్మ. ఎంత తోమినా పెట్రోలు, చేపలు, తడిసిన గోనె కలిసిన వాసన ఒకటి దానికి అంటుకుపోయింది. దానికీ, అమ్మకీ, నాకూ. క్లాసులో నా పక్కన కూర్చునే పిల్ల జేబురుమాలు ముక్కు దగ్గర పెట్టుకునేది. అది అమ్మకి చెప్పలేదు. చెప్పకపోగా అమ్మ మీదే విసుక్కునేదాన్ని. మావయ్యకీ అదే బాధ. ఆఫీసులో ఎవరో "మీ చెల్లెలుగారి బండి మీద మా సామాను వేయించగలరా" అన్నారట, ఆ రాత్రి భోజనం చెయ్యలేదట. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, "ఆడమనిషివి మార్తా, ఎన్నాళ్ళు తోల్తావు ఈ డొక్కు" అనేవాడు. అమ్మ ఆయనకి కోడికూర వేసేది.

ఇక తాత చేసిన పని చెప్పాలి. ఆయనకి తెలుగు కాయితం మీద నమ్మకం లేదు. రిజిస్ట్రారు ముద్ర వేసినా సరే, తెలుగులో ఉన్నది ఆయన లెక్కలో చీటీ కిందే జమ. ఫ్రెంచిలో ఉంటేనే కాయితం. దొరలు పోయి ఇన్నేళ్ళయినా, వాళ్ళ కాలంలో దస్తావేజులు రాసిన ఒక ముసలాయన ఊళ్ళో ఇంకా ఉన్నాడు. తాత చూపు పూర్తిగా పోకముందు ఆయన దగ్గరికి వెళ్ళి, బండి గురించి తన మాట ఒకటి ఫ్రెంచిలో రాయించి, సంతకం పెట్టి, పాత కాయితాలతో కలిపి రేకు పెట్టెలో దాచాడు. "తెలుగులో రాత్తే ప్రతోడూ సదివేసి దాని మీదో మాటంటాడు. ఇది సదవాలంటే రావాలిగా" అనేవాడు గొప్పగా. రావాలిగా అన్నవాడికి ఇంట్లో ఎవరికీ రాదని తెలియదా. తెలుసు. అందుకే నన్ను బడిలో ఫ్రెంచి క్లాసులో వేయించాడు. ఫ్రాన్సు నుంచి పింఛను ఉత్తరాలు వచ్చే ముసలివాళ్ళ ఇళ్ళకి నేను వెళ్ళి చదివి పెడుతుంటే, ఎవరైనా చక్కిలం పెడితే, అది తాత చేతిలో పెట్టి చూపించాకే తినాలి. "నా కాయితం కూడా నువ్వే సదవాలి, రోజొత్తాది" అనేవాడు. కూతురికి మేలు చేద్దామనుకుని, ఆ మేలుని ఎవరికీ రాని భాషలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఒక చిన్నపిల్ల నోట్లో పెట్టినవాడు మా తాత. ఆయన్ని తలుచుకుంటే ప్రేమా వస్తుంది, చిరాకూ వస్తుంది.

తాత పోయిన రెండేళ్ళకి బండి ఆగిపోయింది. గేరుపళ్ళు అరిగిపోయాయి. ఐసు నీళ్ళూ ఉప్పూ కలిసి తొట్టి అడుగు రేకుని తినేశాయి, కిందికి చూస్తే నేల కనబడేది. దానికి సామాను దేశంలో ఎక్కడా దొరకదు. అమ్మ పాత గేరుచక్రం గుడ్డలో చుట్టుకుని కాకినాడలో లేతు మిషన్ల వాళ్ళందరి దగ్గరికీ తిరిగింది. చివరికి ఒకాయన అచ్చు తీసి చేసిస్తానన్నాడు, కొంచెం టైం పడుతుందన్నాడు. తొట్టి అడుక్కి టేకు చెక్కలు వేస్తానని పడవల వడ్రంగి ఒప్పుకున్నాడు. ఈ లోపు అమ్మ గంప నెత్తిన పెట్టుకుని బస్సులో వెళ్ళేది, చేపలు రాని రోజు పొలం పనికి పోయేది. సాయంత్రం వచ్చి పాకలో బండి మీద గోనె తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ కప్పేది. అది లేస్తే మళ్ళీ తన బతుకు తనది. అంతకుమించి అమ్మకి ఏ కోరికా లేదు. నేను ఇంటరు పరీక్షలు రాసిన వేసవి అది.

సరిగ్గా అప్పుడు దిగాడు మద్రాసాయన. పాత బళ్ళు కొని బాగుచేయించి దాచుకోవడం ఆయనకి సరదా అట. ఎవరి ద్వారానో విని, మావయ్యని వెతుక్కుంటూ ఆఫీసుకి వచ్చాడు. మావయ్య ఆయన్ని తీసుకుని మా ఇంటికి వచ్చాడు. గోనె తీయగానే ఆ మనిషి కళ్ళు చూడాలి, ముసలాడికి మనవడు పుట్టినంత సంబరం. పళ్ళెం పట్టుకుని మంచినీళ్ళు ఇస్తున్న అమ్మని మాత్రం చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని కింద చూశాడు, తలుపు తెరిచి మూశాడు, నలభై ఫొటోలు తీశాడు. ఎంత తుప్పు కనబడితే అంత ముచ్చటపడ్డాడు. మావయ్యతో ఇంగ్లీషులో ఒక ధర చెప్పాడు. మావయ్య ముఖం ఎర్రబడింది. దొరల కాలం కాయితాలు కూడా ఉంటేనే ఆ ధర, అసలువే కావాలి, వాటితోనే బండికి విలువ అన్నాడు. "బండి అమ్మేది లేదన్నా" అంది అమ్మ.

"నాయన బండి. నేను నాయన కొడుకుని" అన్నాడు మావయ్య, గొంతు పెంచకుండా. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు, నాకు మండేది అదే. "ఎవరిదో కాయితం చెప్తుంది. రేపు ఆరాధన అయ్యాక సంఘ పెద్దగారి ఎదురుగా చూద్దాం. కాయితం ఎలాగంటే అలాగే."

"సరే" అంది అమ్మ వెంటనే. "రూతు సదువుతాది."

ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి, బండి మీద ఆశ వదిలేసుకుందేమో అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

ఆ శనివారం సాయంత్రం మావయ్య నన్ను రేవు వైపు నడుద్దాం రమ్మన్నాడు. వేరుశెనగకాయలు కొనిచ్చాడు. నాయన పోయే ముందు తనతో అన్నాడట, బండి మార్త పేరున రాయించానని. "అది నాయన చాదస్తం. బండి బాగుపడదు, నీకూ తెలుసు. మీ అమ్మ దాని చుట్టూ తిరిగి తిరిగి గేరుపళ్ళకే ఒళ్ళు అరగదీసుకుంటుంది. ఆ డబ్బుతో నిన్ను పాండిచ్చేరి కాలేజీలో చేర్పిస్తాను. హాస్టలు, పుస్తకాలు, అన్నీ. మూడేళ్ళు కాదు, ఎంతవరకు చదివితే అంతవరకు. నువ్వేం అబద్ధం చెప్పక్కర్లేదమ్మా. మీ తాత పేరున్నంత వరకు చదువు. చాలు." ఆ కాలేజీ గురించి టీచరు ఇచ్చిన కాయితం నేను బైబిల్లో పెట్టుకుని తిరుగుతున్నానని ఆయనకి ఎలా తెలిసిందో. శెనగకాయలు ఒలుచుకు తింటూనే ఉన్నాను. ఆ ముక్కు మూసుకునే పిల్ల గుర్తొచ్చింది. వాసన లేని ఊరు ఒకటి, వాసన లేని గది ఒకటి కళ్ళ ముందు కనబడ్డాయి. "సరే మావయ్యా" అన్నాను. అంతే. బెదిరించలేదు, బతిమాలలేదు. శెనగకాయలకి అమ్ముడుపోయాను అంటే బాగుంటుంది గానీ అదీ నిజం కాదు. నాకు కావాలి గనక ఒప్పుకున్నాను.

ఆదివారం అమ్మ ఆరాధనకి కట్టుకెళ్ళిన తెల్లచీరలోనే రేకు పెట్టె తెచ్చి వాకిట్లో మధ్యన పెట్టింది. సంఘ పెద్దగారు, మావయ్య, మద్రాసాయన కుర్చీల్లో. అమ్మ తలుపు పక్కన గోడకి ఆనుకుని కింద కూర్చుంది. నేను కాయితాలు విప్పాను. దొర ఇచ్చినది చదివాను, తెలుగులో చెప్పాను. తరవాత తాత రాయించినది. మొదటి పేరా తాత గురించి. నా పేరు యాకోబు, నేను డ్రైవరుని, ఈ బండి నాకు ఇలా వచ్చింది, దీనికి నేనే యజమానిని. అక్కడిదాకా వచ్చాను. కింద రెండో పేరా ఉంది. నల్లటి సిరా, గుండ్రటి అక్షరాలు, పసిపిల్ల కూడా చదవగలదు. నా తరవాత ఇది నా కుమార్తె మార్తది. నా కళ్ళు పోయినప్పుడు దీన్ని నడిపినది, నా ఇంటిని పోషించినది ఆమె. నా కొడుకు గానీ మరెవరు గానీ ఆమెని అడ్డగించకూడదు. అంత స్పష్టంగా ఉంది. కాయితం మడిచాను.

"అంతేనా అమ్మా?" అంది అమ్మ. ఒక్కసారే అడిగింది.

"అంతే" అన్నాను.

ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది, చదువుకున్న పిల్లని, తాతకి ముద్దుల మనవరాల్ని. తండ్రిది కొడుక్కేనని తేల్చి, సంఘ పెద్దగారు ప్రార్థన చేసి ఈ కార్యాన్ని దీవించమని దేవుణ్ణి అడిగారు. దేవుడు ఆ ప్రార్థన విన్నాడో లేదో గానీ నేను ఆమెన్ అన్నాను, గట్టిగా. అమ్మ లేచి వంట వసారాలోకి వెళ్ళి, అందరికీ టీ పెట్టి తెచ్చింది. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది.

మర్నాడే లారీ వచ్చింది. పడవల దగ్గర నుంచి రెండు పలకలు తెచ్చి వాలుగా ఆనించి, ఎనిమిది మంది బండిని పైకి తోశారు. రేవు ఆడవాళ్ళందరూ గంపలు దించి వచ్చి నిలబడ్డారు. కాంతమ్మ ఊరుకునే రకం కాదు. "ఏమండీ గుమాస్తాగారూ, మీరు పుట్టించిన బండా అది, మీరు తోలారా ఒక్కరోజైనా" అని వీధంతా వినబడేలా అడిగింది. మావయ్య చొక్కా గుండీ సర్దుకున్నాడు. లారీ కుర్రాళ్ళు మడ్‌గార్డుకి తాడు కడుతుంటే అమ్మ దగ్గరికెళ్ళి, "అక్కడ కట్టకండి బాబూ, ఊడిపోద్ది. ఆ పెద్ద రింగుకి కట్టండి, అది గట్టిది" అంది. తాడు తనే లాగి చూసింది. ఆ మరుసటి వారమే కాకినాడ నుంచి కబురు వచ్చింది, గేరుచక్రం తయారైందని. అమ్మ వెళ్ళి, అవసరం లేదని చెప్పి, ఆ లేతు ఆయనకి చేసిన పనికి కూలి ఇచ్చి వచ్చింది. చక్రం ఆయన దగ్గరే వదిలేసింది.

ఇప్పుడు మీరు మావయ్య నన్ను మోసం చేశాడని చెబుతానని అనుకుంటారు. అలా జరిగి ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేది. ఆయన మాట తప్పలేదు. నన్ను వెంటబెట్టుకుని పాండిచ్చేరి తీసుకెళ్ళాడు, హాస్టలు గదిలో పరుపు తనే మోసి పరిచాడు. ఐదేళ్ళు నెల తప్పకుండా డబ్బు పంపాడు. బండి డబ్బు అయిపోయాక తన జీతంలోంచి పంపాడని తరవాత తెలిసింది. ఆయన పోతే వెళ్ళి ఏడ్చాను, ఏడుస్తున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ రోజు వాకిట్లో ఆయన దొంగ అయి ఉంటే నేను సగం దొంగని అయ్యేదాన్ని. ఆయన మంచివాడు కావడంతో మొత్తం నా నెత్తినే పడింది. అమ్మ మాత్రం గంప నెత్తిన పెట్టుకుని బస్సుకి నిలబడింది. కండక్టర్లు చేపల గంప చూసి బస్సు ఆపకుండా పోయేవాళ్ళు. ఆపితే టాపు మీద పెట్టమనేవాళ్ళు, ఎక్కి దిగి ఎక్కి దిగి ఆవిడ మోకాళ్ళు పోయాయి. ఒకప్పుడు ఎనిమిది మందిని ఎక్కించుకుని పోయిన మనిషి. నేను సెలవులకి వస్తే ఉతికిన చీర కట్టుకుని, సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుని దగ్గరికి వచ్చేది.

ఇప్పుడు యానాంలో ఆడపిల్లలు స్కూటర్ల మీద రయ్యిమని పోతున్నారు, ఎవరూ తల తిప్పి చూడరు. చూడకపోవడమే మంచిది. పాత ఫ్రెంచి కుర్చీలు, పాత ఫ్రెంచి తలుపులు, ఆఖరికి పాత ఫ్రెంచి పెంకులు కూడా ఎవరో ఒకరు కొని, తుడిచి, లైటు వేసి, కథ కట్టి పెడుతున్నారు. వస్తువు బాగుచేయడానికి అంత శ్రద్ధ. దాని మీద చెయ్యి వేసి బతికినవాళ్ళ పేరు కనుక్కోవడానికి ఒక్క పూట తీరిక లేదు. నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకి ఫ్రెంచి చెప్పాను. ప్రతి ఏడూ మొదటి రోజున పాఠం ఒక్క ముక్క వదలకుండా పూర్తిగా చదవాలని చెప్పాను. నా మొహానికి నేనే ఉమ్మేసుకోవాలి.

అమ్మ చివరి ఆరేళ్ళు నా దగ్గరే, పాండిచ్చేరిలోనే ఉంది. పోవడానికి ఏడాది ముందు ఒక మధ్యాహ్నం పెరట్లో కత్తిపీట ముందేసుకుని కానాగంత చేపలు శుభ్రం చేస్తోంది. పనిమనిషి చేస్తుందంటే వినదు. నేను పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఎన్నో ఏళ్ళుగా దాచుకున్నది ఆ రోజు ఎందుకు బయటికి వచ్చిందో తెలియదు. "అమ్మా, ఆ రోజు కాయితంలో ఇంకో పేరా ఉంది. నేను చదవలేదు. బండి నీదని తాత రాయించాడు" అన్నాను.

అమ్మ చేప మీంచి చెయ్యి తియ్యలేదు. "తెలుసమ్మా" అంది.

"నీకెలా తెలుసు?"

"రాయించిన రోజు నాయన్ని ఆ ముసలాయన ఇంటికి తోలుకెళ్ళింది నేనే గదా. అరుగు మీద కూకుని ఇన్నాను. ఆ బాస ముక్క రాదు గానీ, నా పేరు నాకు తెలీదేటి. రాసింది రెండుసార్లు సదివాడాయన, రెండుసార్లూ మార్త అన్నాడు."

"మరి ఆ రోజే అనొచ్చుగా. అందరి ముందూ అనొచ్చుగా" అన్నాను. నా గొంతు లేచిపోయింది, ఆవిడ మీదే కేకలేస్తున్నాను.

"ఆ మాట నేనే అంటే నా కోసం అన్నట్టుంటాది. సదువురాని దాని మాట అన్నయ్య నమ్ముతాడా, ఆ మద్రాసోడు నమ్ముతాడా. నువ్వు సదువుతావు గదాని కూకున్నాను." ఇంకో చేప తీసుకుంది. దాని పొట్ట కోస్తూ అడిగింది. "అయితే ఏం రాయించాడే నాయన? నాకు పేరొక్కటే తెలిసింది. మిగతాది నాకెవరూ సెప్పలేదు."

చెప్పాను. కాయితం ఎప్పుడో మద్రాసాయనతో పోయింది గానీ నాకు ఒక్క అక్షరం మరుపు రాలేదు. ఇంటిని పోషించినది ఆమె అన్న చోట ఆగిపోయి, మళ్ళీ మొదటినుంచి చెప్పాను. అమ్మ కత్తిపీట మీద చేతులు ఆపి, తల కాస్త వంచి, ఆరాధనలో వాక్యం విన్నట్టు విన్నది. "బాగా రాయించాడు నాయన" అంది. ఆ తరవాత, "ఉప్పు డబ్బా ఇలా అందుకో" అంది.

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. ఒక్క మాట తిట్టి ఉంటే ఇద్దరం ఏడ్చి ఊరుకునేవాళ్ళం. తిట్టలేదు. ఆవిడ పడాల్సిన కోపం కూడా నా వంతుకే వచ్చింది, అది ఇప్పటికీ నేనే పడుతున్నాను.